ఆలస్యంగా వచ్చేవాళ్ళ కుర్చీ

టీచరమ్మ పోయారన్న కబురు నాకు హౌరా వెళ్ళే లోకల్లో తెలిసింది. సంత్రాగాఛిలో ఎక్కి, ఆడవాళ్ళ పెట్టెలో ఒక చేత్తో పైన వేలాడే పిడి పట్టుకుని, ఇంకో చేత్తో శనివారం అడగాల్సిన ప్రశ్నల కాగితాలు పట్టుకుని, పెదాలు కదుపుతూ నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. అమ్మ. “ఒలే, టీచరమ్మ ఎల్లిపోనాదే,” అంది. పొద్దున కుళాయి నీళ్ళు పట్టి, బకెట్టు గుమ్మంలో పెట్టి, కాస్త ఆయాసం తీర్చుకుందామని కుర్చీలో కూర్చున్నారట. పక్కింటి బెంగాలీ వదిన, మేమంతా బౌదీ అంటాం, పేపరు ఇవ్వడానికి వచ్చి పిలిస్తే పలకలేదట. నేను తర్వాతి స్టేషన్లో దిగిపోయి, అవతలి ప్లాట్‌ఫారం మీద వెనక్కి వెళ్ళే బండి కోసం నిలబడ్డాను. కాగితాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. వాటిని చూసి నవ్వాల్సిన మనిషి ఆవిడే. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. శనివారం నా పక్కన కూర్చుంటానని మాటిచ్చి బుధవారం వెళ్ళిపోవడం ఏమిటి?

ఆ శనివారం సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి. టీచరమ్మ నాకు చుట్టం కాదు. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగు పిల్లలందరికీ ఇంగ్లీషు చెప్పిన టీచరు. ఆవిడకు ఒక పేరు ఉండే ఉంటుంది, రేషన్ కార్డు మీద. మేమెవరం దాన్ని వాడలేదు. మా వీధిలో కూరగాయల బండి తోసుకొచ్చే బెంగాలీ అన్న, దాదా అంటాం, అతను కూడా “టీచరమ్మా!” అనే కేకేసేవాడు. అతనికి వచ్చిన తెలుగంతా ఆ ఒక్క మాటే. ఆవిడ భర్త గూడ్స్ గార్డుగా చేసి పోయారు. కొడుకు ఖరగ్‌పూర్‌లో ఉంటాడు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా “అక్కడ నానేటి సేస్తానురా, నీ పెళ్ళాం టీవీ సూడనివ్వదు” అని నవ్వి పంపేసేవారు. కోడలు టీవీ చూడనిస్తుంది. ఆవిడకు ఇక్కడి నుంచి కదలడం ఇష్టం లేదు, అంతే.

హౌరా నుంచి లాంచీలో గంగ దాటితే, అవతల ఒక కాలేజీలో నేను ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. ఆ కాలేజీకి ఒక హాస్టల్ ఉంది. వేరే దేశాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు అందులో ఉంటారు. ఒకసారి ఏదో పుస్తకం కావాలని టీచరమ్మ నాతో కూడా వచ్చారు. హాస్టల్ భోజనాల గది ముందు నుంచి వెళ్తూ ఆగిపోయారు. లోపల ఒక్కో బల్ల దగ్గర ఒక్కొక్కరు కూర్చుని, ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకుంటూ తింటున్నారు. గదిలో స్పూన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని, “ఒలమ్మ! ఈలందరూ నానే కదే,” అన్నారు. నాకు అర్థం కాలేదు. తిరుగు ప్రయాణంలో, లాంచీలో కూర్చుని చెప్పారు.

పెళ్ళయి శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి సంత్రాగాఛికి వచ్చినప్పుడు ఆవిడకు బెంగాలీ ఒక్క ముక్క రాదు. భర్త గార్డు డ్యూటీకి వెళ్తే ఎప్పుడొస్తారో తెలియదు. మొదటి నెలలన్నీ తలుపు వేసుకుని కూర్చునేవారట. బజారుకు వెళ్తే వేలుపెట్టి చూపించడమే. చదువుకున్న మనిషి, సొంతూరిలో వాగుడుకాయ అని పేరున్న మనిషి, ఇక్కడ మూగదైపోయారు. చలికాలంలో ఒకరోజు పైవాటా బెంగాలీ ఆవిడ వచ్చి, ఏమీ అడక్కుండా, చెయ్యి పట్టుకుని డాబా మీదికి లాక్కెళ్ళిందట. అక్కడ ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని, రుబ్బిన మినప్పిండితో గుడ్డ మీద వడియాలు పెడుతున్నారు. ఈవిడ ముందు కూడా ఒక గిన్నె పెట్టారు. “అందరి కళ్ళూ పిండి మీదే ఉన్నాయి. నా మొకం వేపు ఎవులూ సూడట్లేదు. అదే నాకు పేనం లేసొచ్చినట్టయింది,” అన్నారు. కాసేపటికి ఒక కాకి వచ్చి వడియాల మీద వాలబోయింది. ఈవిడ చెయ్యెత్తి “కాక్ ఎషేఛే!”, కాకొచ్చింది, అని అరిచారట. అదే ఆవిడ మొదటి బెంగాలీ వాక్యం. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టలేదు, ఆశ్చర్యపోలేదు, కాకిని తోలి మళ్ళీ పిండి తీసుకున్నారు. అందుకే రెండో వాక్యం కూడా వచ్చిందనేవారు.

మేం హాస్టల్ చూసొచ్చిన మరుసటి వారమే టీచరమ్మ వార్డెన్‌తో మాట్లాడి, శనివారం మధ్యాహ్నాలు భోజనాల గదిలో ఇంగ్లీషు మాటల బృందం మొదలుపెట్టారు. పాఠం కాదు, పరీక్ష కాదు, ఉత్త మాటలు. మొదటిరోజు నేను వెళ్ళి చూసి బిత్తరపోయాను. బల్లల మీద పాత పేపర్లు పరిచి, పచ్చి బటానీ కాయలు గుట్టపోశారు. పిల్లలు చుట్టూ కూర్చుని ఒలుస్తున్నారు. చలికాలం బటానీలు, వానాకాలం లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయడం, ఎండాకాలం చింతపండు పిక్కలు తీయడం. చింతపండు మా ఇంటి నుంచే. మా మేనమామ ఏటా ఊరి నుంచి రైల్లో ఒక బస్తా పంపిస్తాడు, పిక్కా ఈనే తీయనిది. మా క్వార్టర్స్‌లో మధ్యాహ్నాలు ఆడవాళ్ళు చాపేసుకుని ఆ పని చేసేవారు. పెళ్ళిళ్ళు కుదిరినా, తగువులు తీరినా, చాడీలు చెప్పుకున్నా ఆ చాప మీదే. టీచరమ్మ ఆ చాపను తీసుకెళ్ళి నది అవతల పరిచారు, అంతకంటే ఏమీ లేదు. “ముందు సేతికి పని సెప్పు. నోరు దానంతటదే వత్తాది,” అనేవారు. శుభ్రం చేసిన చింతపండులో సగం హాస్టల్ వంటింటికి పోయేది, సగం గేటు దగ్గర ఫుచ్కా, అదే పానీపూరీ, అమ్మే బండి దాదాకి. దాని బదులు అతను శనివారం సాయంత్రం పిల్లలందరికీ ఫుచ్కాలు పెట్టేవాడు.

ఎవరైనా మాటలో తప్పు చేస్తే ఆవిడ మధ్యలో ఆపేవారు కాదు. ఒక చింతపిక్క తీసి ఎడమ గుప్పిట్లో వేసుకునేవారు. చివర్లో గుప్పిట విప్పి ఆ పిక్కల్ని చూసుకుని, అందరూ చేసిన తప్పు ఏదో ఒకటి, ఎవరు చేశారో చెప్పకుండా చెప్పేవారు. మిగతా పిక్కల్ని సంచిలో పోసేసి “ఇవి వచ్చే వారానికి” అనేవారు. ఆ వచ్చే వారం ఎప్పుడూ రాదని పిల్లలకి కూడా తెలుసు. ఇంకొకటి, వచ్చేవాళ్ళ కంటే ఎప్పుడూ ఒక కుర్చీ ఎక్కువ వేయించేవారు. ఎందుకంటే “ఆలీసంగా వచ్చినోలు గుమ్మంలో నిలబడి ఎక్కడ కూకోవాలా అని ఎతుక్కుంటే, ఆలకి మరి ఆ పూట మాట రాదు,” అనేవారు. ఆ కుర్చీ మీద బ్యాగు పెడితే ఊరుకునేవారు కాదు.

మంచి మనిషి అన్నానని దేవత అనుకోకండి. భలే పెత్తనం. లాంచీలో కిటికీ పక్క సీటు ఆవిడది, అంతే. చీర బాగుంది అంటే చాలు, ఆ చీర ఎక్కడ కొన్నారో, ఎవరు ఏడ్చారో, ఘాట్ వచ్చేదాకా చెప్పేవారు. డాక్టరు వద్దన్న రసగుల్లా నా పళ్ళెంలోంచి తీసుకుని “ఇది నీది కదా, నా లెక్కలోకి రాదు” అనేవారు. నన్ను మా విద్యార్థుల ముందే “ఒలే” అని పిలిచేవారు. నేనేమో డాక్టరేట్ చేసిన దాన్ని! ఒకసారి అడ్డం తిరిగితే, “సరే, డాక్టరమ్మా, రాయే” అన్నారు. దానికంటే ఒలేనే నయమనిపించింది.

ఈ మధ్య ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. ఘాట్ దగ్గర లాంచీ దిగాక ఒడ్డుకి చేర్చే ఏటవాలు వంతెన ఎక్కలేకపోతున్నారు. ఒకరోజు మధ్యలో ఆగి రెయిలింగు పట్టుకుని, “వచ్చే నెల నుంచి శనివారాలు నువ్వు నడపాలే,” అన్నారు, వంటింట్లో పాలు దింపు అన్నంత మామూలుగా. పాఠం చెప్పమంటే గంటలకొద్దీ చెబుతాను. కానీ ఎదుటివాళ్ళతో మాట్లాడించడం నాకు చేతకాదు. ఎవరైనా రెండు క్షణాలు తడబడితే చాలు, వాళ్ళ వాక్యం నేనే పూర్తిచేసేస్తాను. ఇంట్లో కూడా అంతే. మా అమ్మ “ఒక మాట సెప్పాలే” అని మొదలుపెడితే, ఆ మాట నేనే చెప్పేస్తానట.

అప్పటి నుంచి నా తర్ఫీదు మొదలైంది, ఎక్కడనుకున్నారు, లాంచీలో. “అదిగో, ఆ సేపలమ్మిని ఒక పెశ్న అడుగు. ఒక్క మాటతో జవాబు రాకూడదు,” అన్నారు. ఆమె ఒళ్ళో అల్యూమినియం హండా, అందులో నీళ్ళు, బతికున్న చేపలు. నేను గొంతు సవరించుకుని బెంగాలీలో “ఏం చేపలు దిదీ?” అన్నాను. “కోయ్,” అంది ఆమె, అదో రకం చేప పేరు. అయిపోయింది. టీచరమ్మ పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత హండాలోకి వంగి, “ఇంత దూరం వీటిని చావకుండా ఎలా తెస్తావమ్మా?” అని అడిగి, ఊరుకున్నారు. ఆమె హండాలో వేళ్ళు పెట్టి నీళ్ళు కదిపింది. నాకు నోరు దురద. టీచరమ్మ నా మోచెయ్యి నొక్కిపట్టారు. అప్పుడు మొదలైంది ఆ చేపలావిడ. నీళ్ళు ఎక్కడ మారుస్తుందో, ఎండలో గోనె ఎలా తడుపుతుందో, తన తల్లి ఎలా నేర్పిందో, ఆ తల్లి ఇప్పుడు మంచం మీద ఉందని, అన్నీ. లాంచీ కట్టేశాక కూడా మెట్ల మీద నిలబెట్టి చెప్పింది. ఆమె వెళ్ళాక టీచరమ్మ నావైపు తిరిగి, “నువ్వు మాటాడ్డానికి కాదే, ఇనడానికి ఎల్తన్నావు. అది గుర్తెట్టుకో సాలు,” అన్నారు.

అయినా బుద్ధి రాలేదు. నన్ను ఒక అరగంట నడపమన్నప్పుడు అందంగా కార్డులు తయారుచేసుకుని వెళ్ళాను. మీ దేశపు పండుగ, మీకిష్టమైన ఆట, నగరంలో కాలుష్యం. ఒక్కో కార్డుకి ఒక్కో వాక్యం వచ్చింది, పరీక్ష పేపరు మీద రాసినట్టు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. టీచరమ్మ నన్ను ఆదుకోలేదు. పిక్కలు తీసుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. దార్లో దెబ్బలాడాను. “నానొస్తే ఆలు నాతో మాటాడతారు. అప్పుడు నీకేటి లాభం?” అన్నారు. నా సంచి పట్టీ సర్దుతూ, “నాకు మొదట్లో నీకంటే గోరంగా అయ్యేది. కార్డులు పారెయ్యకు, ఎప్పుడో పనికొత్తాయి,” అన్నారు. ఆ గొంతులో జాలి ఉంది. అందుకే ఎక్కువసేపు కోపంగా ఉండలేకపోయాను.

ఆ బృందంలో తజికిస్తాన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. వచ్చి ఏడాది కావస్తోంది. అందరికంటే వేగంగా పిక్కలు తీస్తుంది, అందరి మాటలకీ నవ్వుతుంది, తాను మాత్రం మాట్లాడదు. నమస్తే, థాంక్యూ, అంతే. నేను కంగారుపడితే టీచరమ్మ “ఆ గుంటని ఒగ్గీ, తొందరెట్టకు. ఆమె ఇంకా డాబా మీద కూకుని ఉంది. కాకి రానీ,” అనేవారు. ఆ శనివారం నుంచి పగ్గాలు నావి, టీచరమ్మ పక్కన కూర్చుని చూస్తారు, అదీ ఒప్పందం. అందుకే బుధవారం లోకల్లో ఆ కాగితాలు.

గంగ ఒడ్డున దహనం అయిపోయింది. కొడుకు, కోడలు వచ్చారు. క్వార్టర్స్‌లో పెరిగి ఎక్కడెక్కడో స్థిరపడిన పిల్లలు వచ్చారు. మా అమ్మ మాత్రం ఏడవలేదు. ఆవిడా, టీచరమ్మా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు, ఏళ్ళ తరబడి పక్కపక్క గుమ్మాలు. అందరూ గొల్లుమంటుంటే అమ్మ గోడకి ఆనుకుని, కొంగు చివర మడిచి విప్పి మడుస్తూ కూర్చుంది. నేను పలకరిస్తే “నాకేటయింది, నాను బాగానే ఉన్నాను,” అంది. గురువారం వార్డెన్ ఫోన్ చేసింది. “ఈ వారానికి ఆపేద్దామా? తర్వాత చూద్దాం. ఆ గది టేబుల్ టెన్నిస్‌కి అడుగుతున్నారు కూడా,” అంది. మనిషి మంచిదే, కానీ ఆ ‘తర్వాత’ నాకు తెలుసు. అది టీచరమ్మ చెప్పే ‘వచ్చే వారం’ లాంటిదే. ఆపొద్దు, నేను వస్తాను అన్నాను. ఈ ఒక్క శనివారం చప్పగా పోతే, ఆవిడ ఇన్నేళ్ళు నడిపింది నా చేతిలోనే ఆగిపోతుంది. ఆవిడ పోయిన వారంలోనే.

శుక్రవారం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో స్టీలు డబ్బా పెట్టి, మూత గట్టిగా బిగించి ఉంచింది. “సింతపండు సర్దీసినాను. రేపు పట్టుకెల్లు,” అంది. ఆవిడ వేళ్ళు నల్లగా, గోళ్ళ దగ్గర పగిలి ఉన్నాయి. నా దిగులులో నేనున్నాను, అడగలేదు.

శనివారం భోజనాల గదిలో పేపర్లు పరిచి, పళ్ళేలు పెట్టాను. కుర్చీలు వేయించాను, ఒకటి ఎక్కువ. ఆ ఎక్కువ కుర్చీ వైపు ఎవరూ చూడటం లేదు, నేను కూడా. పిల్లలంతా వచ్చారు, థాయిలాండ్ అమ్మాయి, ఇథియోపియా కుర్రాడు, యెమెన్ అన్నదమ్ములు, తజికిస్తాన్ అమ్మాయి. తెల్లచొక్కాలు వేసుకుని వచ్చారు, ఎవరు చెప్పారో మరి. డబ్బా మూత తీశాను.

పిక్క లేదు. ఒక్కటి కూడా లేదు. ఈనెలు లాగేసి, ఉప్పు చల్లి, నిమ్మకాయలంత ఉండలు చుట్టి వరసలుగా పేర్చి ఉంది. బస్తాలో మిగిలిందంతా అమ్మ ఒక్కర్తే కూర్చుని శుభ్రం చేసేసింది. మా ఇళ్ళలో ఎవరికైనా సాయం చేయాలంటే చేసే పని అదే, ఎదుటివాళ్ళ చేతి పని మనం చేసిపెట్టడం. చల్లని తల్లి! పని తేలిక చేద్దామనుకుని నా పీక మీదికి తెచ్చింది. పళ్ళేలు ఖాళీ. చేతులు ఖాళీ. పిల్లలు నా మొహం వైపే చూస్తున్నారు. సంచిలోంచి ప్రశ్నల కాగితాలు తీసి, ఈ వారం ఎలా గడిచింది అని అడిగాను. “ఫైన్,” అన్నాడు ఒకడు. తలమీద ఫ్యాను. ఇక నేనే ఏదో ఒకటి మాట్లాడేసి, అందరి వాక్యాలూ నేనే పూర్తిచేసి, ఫుచ్కా బండి దగ్గరికి పంపేద్దామనుకున్నాను.

తజికిస్తాన్ అమ్మాయి చెయ్యి చాపి ఒక ఉండ తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో నొక్కి చూసింది. ఆ తర్వాత జరిగిన మాటలన్నీ ఇంగ్లీషులోనివే, ముక్కలు ముక్కలుగా. మీకోసం తెలుగులో రాస్తున్నాను.

“పిక్కలు ఎక్కడ?” అంది.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. నేను మాత్రం తిరగకుండా, చేతిలో ఉన్న ఉండను చూస్తూ, “మా అమ్మ తీసేసింది,” అన్నాను.

“అన్నీనా? ఒక్కరే?”

“ఒక్కర్తే.”

“ఎందుకు?”

మీకు సాయంగా ఉంటుందని, అనబోయాను. నోటికి వేరే మాట వచ్చింది. “ఆవిడ టీచరమ్మ స్నేహితురాలు. ఏడవడం లేదు. ఇది చేసింది.” ఇంకో మాట అనే శక్తి లేక ఊరుకున్నాను. తెలివిగా ఊరుకున్నానని ఎవరూ అనుకోకండి.

ఆ అమ్మాయి ఉండను మెల్లగా చీలుస్తూ చెప్పింది. “మా బామ్మ పోయింది. మా అమ్మ ఏడవలేదు. ఇంట్లో పరుపులు అన్నీ విప్పింది. పత్తి తీసింది, దులిపింది, మళ్ళీ నింపింది, కుట్టింది. పరుపులు బాగానే ఉన్నాయి. పాడవలేదు.” ఆగింది. ఆమె వెతుకుతున్న మాట నాకు తెలుసు, నాలుక చివర ఉంది. పళ్ళు బిగబట్టుకున్నాను. చివరికి ఆ మాట కాదు, ఇంకో మాట దొరికింది ఆమెకి. “నేను సూదికి దారం ఎక్కించేదాన్ని. అమ్మకి కనపడదు, కళ్ళల్లో నీళ్ళు లోపలే ఉన్నాయి.”

ఇథియోపియా కుర్రాడు తన మేనత్త పోయినప్పుడు వాళ్ళమ్మ కాఫీ గింజలు వేయిస్తూనే ఉందని, తాగేవాళ్ళంతా వెళ్ళిపోయాక కూడా వేయించిందని చెప్పాడు. థాయి అమ్మాయి వాళ్ళ నాన్న గోడకి రంగు వేశాడట, తాత గది గోడ ఒక్కటే. యెమెన్ అన్నదమ్ములు ఒకరి మాట ఒకరు లాక్కుంటూ ఏదో బావి సంగతి చెప్పారు, సగం అరబిక్‌లో పోయింది, అయినా అందరం తలూపాం. చూస్తే అందరి చేతుల్లోనూ తలో ఉండ ఉంది. చీలుస్తున్నారు, అమ్మ వదిలేసిన ఈనెలేమైనా ఉన్నాయేమోనని వెతుకుతున్నారు. ఉన్నట్టుండి ఇథియోపియా కుర్రాడు “దొరికింది!” అని అరిచాడు. ఒక పిక్క. అమ్మ చేతికి చిక్కకుండా మిగిలిపోయిన ఒకే ఒక్కటి. అది చేతులు మారుతూ వచ్చి నా దగ్గర ఆగింది. అలవాటుగా చూసిన పనే కనక ఎడమ గుప్పిట్లో మూసుకున్నాను.

సాయంత్రమైంది. అందరూ నా గుప్పిట వైపు చూస్తున్నారు, ఏ తప్పు చెబుతానా అని. విప్పాను. పిక్క ఉంది కానీ తప్పేదీ గుర్తులేదు. “ఇవాళ నేను తప్పులు వినలేదు,” అన్నాను. నవ్వారు. గేటు దగ్గర ఫుచ్కా దాదా ఆ చింతపండును వాసన చూసి, ఇంత శుభ్రమైనది ఎప్పుడూ రాలేదే అన్నాడు. తజికిస్తాన్ అమ్మాయి ఫుచ్కా నోట్లో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. కారం అంది.

ఇంటికి వస్తే అమ్మ గుమ్మంలోనే ఉంది. “ఏటి, సరిపోయిందా? గుంటలకి సేతులు నొప్పెడతాయని పిక్కన్నది నేకుండా తీసీసినాను,” అంది. పక్కనే పేపరు మీద పిక్కలన్నీ ఆరబోసి ఉన్నాయి. నేను గుప్పిట విప్పి ఆవిడ అరచేతిలో ఆ ఒక్క పిక్క పెట్టాను. అమ్మకి రోషం వచ్చింది. “నా సేతిలోనా? నా సేతిలో పిక్క మిగలడవా! ఎక్కడిదో తెచ్చి నా మీద ఎడతన్నావు!” అని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “నీ ఉండలోదేనమ్మా. అందరూ నీ గురించే మాట్లాడారు,” అన్నాను. “నా గురించా? నా గురించి మాటాడ్డానికేటుంది?” అంది. ఏమేం మాట్లాడారో చెప్పడం మొదలుపెట్టాను. పరుపుల సంగతి దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆ పిక్కను పట్టుకుని, “మా వదినకి ఏపిన పిక్కలంటే పేనమే,” అంది, ఇక ఆగలేదు. గట్టిగా, మా ఊరివాళ్ళు ఏడ్చినట్టు, వీధంతా వినపడేలా ఏడ్చింది. పక్కింటి బౌదీ వచ్చి, ఏమీ అడక్కుండా, పేపరు మీది పిక్కల్ని ఒక చేత్తో పక్కకి జరిపి అమ్మ పక్కన కూర్చుంది. నేను ఏ మాటా పూర్తి చెయ్యలేదు.

నిన్న మళ్ళీ శనివారం. హౌరా బజార్లో పిక్కతో ఉన్న చింతపండు కొని తీసుకెళ్ళాను. కుర్చీలు వేయించాను, ఒకటి ఎక్కువ. మాటలు సగంలో ఉండగా గుమ్మంలో అలికిడి అయింది. అమ్మ. బయల్దేరేటప్పుడు రానంటే రానంది మరి. ఒక్కర్తే లోకల్ ఎక్కి, లాంచీ ఎక్కి, ఆ ఏటవాలు వంతెన ఎక్కి వచ్చింది. చెమట కారుతోంది, చేతిలో వేయించిన పిక్కల పొట్లం. ఎక్కడ కూర్చోవాలా అని ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, అందరినీ ఒకసారి చూసింది.

“ఏటి సూత్తన్నారు? పల్లెం ఇలాగ ఎట్టండి,” అంది.

తజికిస్తాన్ అమ్మాయి తన పళ్ళేన్ని ఆవిడ వైపు జరిపింది.